ఘటం మోసిన కాళ్ళు

ఆశ్వయుజ అష్టమి, మంగళవారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. అప్పుడు మొదలైంది. గుడి గోడ మీది గడియారం నాకు ఎదురుగా ఉంది కాబట్టి నిమిషంతో సహా చెప్పగలను. ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళూ దీన్ని మోశాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అలా అయితేనే రాయగలను. క్షమించమని అడగటానికి రాయటం లేదు. క్షమించే హక్కు మీకు లేదు. ఆ హక్కున్న మనిషిని అడిగే ధైర్యం నాకు లేదు. జాలి కూడా వద్దు. చదివి ఊరుకోండి.

ముందే ఒక మాట. ఎవరికి అన్యాయం చేశానని రాస్తున్నానో ఆ మనిషి నాకు నచ్చదు. అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నా తప్పు ఒప్పుకుంటున్నానని ఆమెను మంచిదాన్ని చేసి రాయలేను.

ఆమె నా తోటికోడలు నూకరత్నం. అన్నదమ్ములిద్దరూ విజయనగరం వైపు నుంచి ఇక్కడికి, భిలాయి స్టీలు ప్లాంటు ఉద్యోగాలకి వచ్చారు. మాకు పక్కపక్క వీధుల్లో క్వార్టర్లు. నేను ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆమె ఇంట్లోనే ఉంది. పిలవకుండా వస్తుంది. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూస్తుంది. "ఏటక్కా, ఉప్పు తూకం ఏసి ఏసినావేటి?" అంటుంది. తీసుకెళ్ళిన గిన్నె తిరిగి ఇవ్వదు. అడిగితే పగలబడి నవ్వుతుంది. పక్కింటి సాహు దీదీ దగ్గర్నుంచి కూరగాయల బండివాడి దాకా అందరికీ ఆమే కావాలి. ఇంట్లోవాళ్ళ మందుల వేళలు, స్కూలు ఫీజుల తేదీలు, అత్తగారి పథ్యం అన్నీ చూసుకున్నది నేను. పేరు మాత్రం ఆమెకి.

ఘటం సంగతి చెప్పకుండా మిగతాది మీకు అర్థం కాదు.

మనవాళ్ళు క్యాంప్ 1 బస్తీ పక్కన మా ఊరి అమ్మవారికి చిన్న గుడి కట్టుకున్నారు. చైత్రంలో పండగ. పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టిన ఘటాన్ని ఒక ఆడమనిషి తలమీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడి నుంచి బయలుదేరి వీధులన్నీ తిరిగి మళ్ళీ గుడికి చేర్చాలి. ఘటం ఎత్తే వంతు మా ఇంటిది, ఇంట్లో పెద్దకోడలిది. అంటే నాది. రెండేళ్ళు ఎత్తాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, అడుగు అడుగుకీ భయపడుతూ నడిచాను. మూడో ఏడు మా అత్తగారు నా చేతుల్లోంచి తీసి నూకరత్నం తలమీద పెట్టింది. ఆమె చెయ్యి వెయ్యలేదు. చేతులు రెండూ ఊపుకుంటూ, ఎదురుగా చూస్తూ, దారిలో వాళ్ళతో మాట్లాడుతూ నడిచిపోయింది. గుంత వస్తే కాలే తెలుసుకునేది. రాయి వస్తే నడుమే సర్దుకునేది. దీపం కదల్లేదు.

"చూడు, అదీ నడకంటే," అంది మా అత్తగారు నాతో, పదిమందిలో.

ఇరవై ఆరేళ్ళు ఆ ఘటం ఆమెదే. నాకు నలభై ఏళ్ళు దాటాక కూడా మధ్యాహ్నాలు తలుపు గడియ వేసుకుని, తలమీద స్టీలు చెంబు పెట్టుకుని హాల్లో నడిచేదాన్ని. పడిపోయేది. ఆ చప్పుడు పక్కింటికి వినబడుతుందేమోనని కింద దుప్పటి పరిచి మళ్ళీ నడిచేదాన్ని. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తప్పుకంటే దీన్ని చెప్పటానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఎందుకో తెలియదు.

తర్వాత గుడికి హిందీవాళ్ళు కూడా రావటం మొదలైంది. చందాలు వాళ్ళవీ కలిశాయి. ఊళ్ళో కోడి పడందే పండగ ఒప్పుకోని అమ్మవారు భిలాయిలో గుమ్మడికాయతో సరిపెట్టుకుంది. ఆ మార్పులో నాకొక సందు కనిపించింది. ఆడవాళ్ళ కమిటీకి అప్పుడు నేనే పెద్దని. ఘటం ఎత్తే మనిషి ఏడాది పొడుగునా నీసు ముట్టకూడదని నియమం పెట్టించాను. భక్తితో కాదు. నూకరత్నానికి చేప లేందే ముద్ద దిగదు. ఊరి నుంచి ఎవరైనా రైల్లో వస్తే దుర్గ్ స్టేషన్‌కి ఎదురెళ్ళేది, మనిషి కోసం కాదు, సంచీలో ఎండుచేపల కోసం. ఘటం వదులుకుంటుందనుకున్నాను.

వదులుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఎండుచేపల డబ్బా తెచ్చి నా వంటింట్లో పెట్టింది. "నువ్వు తినక్కా. నాకు అమ్మ గావాల," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వుతోంది కూడా. నేను ఆ డబ్బా తీసుకున్నాను. తిన్నాను.

ఇప్పుడు అష్టమి సాయంత్రానికి వస్తాను.

హారతి ఇస్తున్నారు. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టారు. నేను మూసుకోలేదు, ప్రసాదం అరటిపళ్ళు మనిషికి ఒకటి వస్తాయో రావో చూసుకుంటున్నాను. నా పక్కన నూకరత్నం కళ్ళు మూసుకుంది. మూసుకోగానే ఊగింది. గాలికి వెదురుగడ ఊగినట్టు ముందుకీ వెనక్కీ. పాదాలు కదల్లేదు, పైమనిషంతా ఊగింది. అలాగే వెనక్కి, సాహు దీదీ మీద పడింది.

"మాతా ఆ గయీ!" అని, అమ్మవారు పూనిందని, దీదీ కేక పెట్టింది. డప్పులు ఎత్తుకున్నాయి. ఎవరో వేపకొమ్మ చేతికిచ్చారు. ఎవరో నీళ్ళు చల్లారు. నూకరత్నం కళ్ళు తెరిచి చూసింది. భయంగా చూసింది, నేను దగ్గర్నుంచి చూశాను. కానీ చుట్టూ వందమంది చేతులు జోడించి, "ఎవరివి తల్లీ? ఏం కావాలి తల్లీ?" అంటుంటే ఏ మనిషైనా ఎంతసేపు ఊరుకోగలదు? గొంతు మార్చింది.

"పెద్దకోడలు చేతి పెసాదం నాకొద్దు! లెక్కెట్టి పెడతాది!"

పళ్ళెం నా చేతిలోనే ఉంది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత చాలామంది నవ్వారు. అరటిపండు సగం ఇచ్చినా, లడ్డూ చిన్నదైనా "టీచరమ్మ లెక్క" అనటం ఆ రోజు నుంచి మా వీధిలో సామెతైపోయింది.

పడటం నిజం. మాటలు నాటకం. ఆ రెండింటినీ విడదీసి చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. అప్పటికి అది నాకూ తెలియదు. మూడు వారాల తర్వాత తెలిసింది.

దీపావళి వెళ్ళాక ఆమె స్నానాలగదిలో పడింది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుందట, అంతే. మా మరిది వచ్చాడు. "వదినా, నీకైతే డాక్టరు చెప్పింది అర్థమవుద్ది. నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు. ఒక్కగానొక్క కూతురు స్వాతి నాగ్‌పూర్‌లో కాపురం. కాబట్టి నేను. దుర్గ్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్రాడు, కొత్తగా పెట్టుకున్నాడు.

ఆమెను బల్లమీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. కాలి బొటనవేలిని రెండు పక్కలా పట్టుకుని కొంచెం పైకి వంచాడు. "ఊపర్ యా నీచే?" అన్నాడు, పైకా కిందకా అని. "ఊపర్," అంది. కిందకి వంచాడు. "ఊపర్." మళ్ళీ కిందకి. "ఊపర్." ఆయన వేలు వదలకపోయేసరికి, కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"డాక్టర్ సాబ్, లగ్తా హై మేరా పైర్ ఘర్ పే రహ్ గయా."

కాలు ఇంట్లోనే ఉండిపోయినట్టుందట. ఆయన నవ్వాడు. అక్కడ కూడా ఆమె మాటకి నవ్వే మనిషి ఒకడు దొరికాడని నాకు ఒళ్ళు మండింది. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ నిలబడింది. మూసుకోమన్నాడు. ఊగింది. అష్టమి నాటి ఊగుడే. అదే వెదురుగడ. పడేలోపు ఆయన పట్టుకున్నాడు.

ఆమె చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్ళింది. డాక్టరు నాకు కుర్చీ చూపించాడు. చదువుకున్నదాన్నని నాతో విడిగా చెప్పాడు. కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో, మోకాలు ఎంత వంగిందో మనకు తెలుస్తుంది కదా, ఎలా తెలుస్తోంది అని అడిగాడు. నేను ఎన్నడూ ఆలోచించలేదు. కండల్లోంచి, కీళ్ళలోంచి నరాలు క్షణం ఆగకుండా కబురు పంపుతుంటాయట. ఆ కబురు వెన్నులో వెనకవైపు నుంచి పైకి వెళ్తుందట. ఈమెకి ఆ దారి పాడవుతోంది. కాలు ఎక్కడుందో కాలు చెప్పటం మానేసింది. ఆ లోటు కళ్ళు తీరుస్తున్నాయి. అందుకే కళ్ళు మూస్తే పడుతోంది, చీకట్లో నడవలేకపోతోంది. ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు, పాలు పడవు, నీసు మానేసి కూడా ఏళ్ళయింది. బి-పన్నెండు విటమిన్ అడుగంటింది. రక్తం పరీక్షకి రాస్తాను, ఫలితం కోసం ఆగకుండా ఇంజెక్షన్లు ఇవాళే మొదలుపెట్టండి, చేపలు, గుడ్లు పెట్టండి అన్నాడు.

"ఆలస్యమైతే?" అని అడిగాను. చూడండి, నేనే అడిగాను.

"కొన్ని నెలలు దాటితే, పోయింది తిరిగి రాదమ్మా," అన్నాడు.

ఇక్కడ నాకు చెయ్యి ఆగుతోంది. అప్పుడు నాలో ఏం జరిగిందో రాయాలి. ఆమెకుండి నాకు లేనిది, ఘటం కింద ఆమెను నడిపించినది, దుప్పటి పరుచుకుని నేను హాల్లో వెతుక్కున్నది ఏమిటో నాకు ఆ కుర్చీలో తెలిసింది. అది కాళ్ళు పంపే కబురు. అదేమిటో తెలిసిన నిమిషంలోనే అది ఆమెను విడిచి పోతోందనీ తెలిసింది. నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. ఎంతసేపు? ఎక్కువసేపు కాదు. కానీ కలిగింది. ఆ తర్వాత చేసినదానికంతటికీ కారణాలు వెతుక్కున్నాను కానీ, మొదలు అదే.

ఆటోలో ఆమె, "ఏటన్నాడక్కా?" అంది.

"నీరసమన్నాడు," అన్నాను.

దారిలో మందులషాపు దగ్గర ఆటో ఆపించి బలం టానిక్ ఒకటి కొన్నాను. రక్తం పరీక్షకీ తీసుకెళ్ళలేదు. ఒక్కరోజే అనుకున్నాను. నన్ను నవ్వులపాలు చేసింది, ఒక్కరోజు భయపడనీ, రేపు చెబుదాం అని. మర్నాడు చెప్పాలంటే నిన్న ఎందుకు చెప్పలేదో చెప్పాలి. వారం పోయాక వారం సంగతి చెప్పాలి. నెల పోయాక చెప్పటానికి ఏ మాటా మిగల్లేదు. లెక్కలు చెప్పిన దాన్ని, వడ్డీ ఎలా పెరుగుతుందో పిల్లలకి బోర్డు మీద వేసి చూపించిన దాన్ని. నాకు తెలియక కాదు.

ఆ నెలల్లో ఆమె ఇల్లు జాతరైంది. శుక్రవారాలు క్యాంపు నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. సాహు దీదీ వరస కట్టించేది. కళ్ళు మూసుకోమనేవాళ్ళు, ఆమె ఊగేది, పడేది, లేచి నాలుగు మాటలు చెప్పేది. వాళ్ళు ఆమె పాదాలు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఎవరైనా పట్టుకున్నారో లేదో తెలుసుకోవటానికి ఆమె వంగి చూసుకోవలసి వచ్చేది. నేను గుమ్మంలో నిలబడి అది చూశాను. ఊరంతా మొక్కుతున్న ఆ పాదాలు ఎక్కడున్నాయో ఆమెకే తెలియదు. మాతాజీ అయ్యాక తిండి ఇంకా తగ్గించారు. ఒంటిపూట, అదీ పళ్ళు.

పుష్యమాసంలో ఒకరోజు నేను ఎండుచేపలు వేయిస్తుంటే వచ్చింది. గోడ పట్టుకుని, నేలవంక చూసుకుంటూ వచ్చింది. పీట మీద కూర్చుని వాసన పీల్చింది.

"ఒక్క ముక్క ఎట్టక్కా. అమ్మ ఏటీ అనుకోదులే."

"నియమం నియమమే," అన్నాను.

ఒక్క ముక్కతో నరాలు తిరిగి రావు. నాకు తెలుసు. ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే ఆ మాటే అంటారు, నేనే అనుకున్నాను ఎన్నోసార్లు. కానీ పెట్టమని డాక్టరు చెప్పిన ముక్క అది. అడిగిన మనిషి ఎదురుగా కూర్చుంది. మూకుడు నా చేతిలో ఉంది. నేను దించి మూత పెట్టాను.

చైత్రం వచ్చింది. ఘటం రోజు.

వద్దని చెప్పొచ్చు. మా మరిది అడిగాడు కూడా, "వదినా, ఎత్తగలదంటావా?" అని. "అమ్మవారే నడిపిస్తుంది," అన్నాను. తలమీద ఘటం ఉంటే కిందకి చూడలేం. కిందకి చూడకపోతే ఆమెకి కాళ్ళు లేవు. అక్కడున్న అందరిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఘటం ఎత్తారు. ఆమె అలవాటుగా చేతులు వదిలేసింది. తల నిటారుగా పెట్టి, ఎదురుగా చూస్తూ నవ్వింది. గుడి మెట్టు దిగి వీధిలోకి వచ్చింది. కాలు ఎత్తి దబ్బున వేసింది, ఎక్కడ వేస్తోందో తెలియక. ఇంకో అడుగు. మూడో అడుగులో కూలిపోయింది.

ఘటం పగిలింది. నూనె, పసుపునీళ్ళు, ఆమె రోడ్డుమీద. తుంటి విరిగిందని తర్వాత తెలిసింది. కానీ అప్పుడు ఎవరూ ఆమె తుంటి చూడలేదు. పెంకులు చూస్తున్నారు. ఇరవై ఆరేళ్ళలో ఘటం పగలటం అదే మొదలు. నిన్నటిదాకా పాదాలు పట్టుకున్నవాళ్ళే మొదలుపెట్టారు.

"ఛుప్ ఛుప్ కే ఖాతీ హోగీ," అంది సాహు దీదీ. దొంగచాటుగా తింటూ ఉంటుందట.

"చేపల మనిషి కాదేటి! తిని ఉంటాది!"

"అమ్మకి కోపం రాదా మరి?"

నూకరత్నం కింద నుంచి చుట్టూ చూసింది. నా కోసం చూసింది. నియమం పెట్టింది నేను, కాపలా కాసింది నేను, ఆమె నోట్లోకి ఏం పోతోందో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసిన మనిషి లేదు.

"అక్కా! నువ్వు సెప్పు. నాను ఒక్క ముక్కయినా తిన్నానేటి? నువ్వు సెప్తే వింతారు, అక్కా!"

అందరూ నావైపు తిరిగారు. డప్పులు ఆగిపోయి ఉన్నాయి.

"నాకేం తెలుసు," అన్నాను.

ఇదీ నేను చెప్పాలనుకున్నది. డాక్టరు మాట దాచటం తప్పు. చేపముక్క పెట్టకపోవటం తప్పు. కానీ నేలమీద పడి ఉన్న మనిషి, వందమందిలో నన్నొక్కదాన్ని నమ్మి అడిగినప్పుడు నేనన్న ఆ రెండు మాటలున్నాయే, అవి నాకు నిద్రలో కూడా నా గొంతుతోనే వినబడతాయి. వేరే గొంతుతో వినబడినా కొంత నయంగా ఉండేది.

ఆస్పత్రిలో స్వాతి నాగ్‌పూర్ నుంచి వచ్చి పరీక్షలన్నీ చేయించింది. అక్కడి డాక్టరు, "ఇంతకుముందు ఎక్కడా చూపించలేదా?" అని అడిగితే స్వాతి నావైపు చూసింది. "చూపించాం. నీరసమన్నాడు," అన్నాను. స్వాతి దుర్గ్ వెళ్ళి ఆ కుర్రడాక్టరుతో పోట్లాడి వచ్చింది. అంతా నాకు చెప్పే పంపానని ఆయన అని ఉంటాడు. "తప్పు చేసి మీమీద తోస్తున్నాడు పెద్దమ్మా, బేషరమ్, సిగ్గులేదు," అంది. ఆ పిల్ల కూడా నన్నే నమ్మింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొంత తిరిగి వచ్చింది. చాలా మటుకు రాలేదు.

ఇప్పుడు మా మరిది పోయాడు. నా భర్తా లేరు. నూకరత్నం పక్క వీధిలోనే ఉంటుంది, వాకర్ పట్టుకుని పగటిపూట నాలుగు అడుగులు వేస్తుంది. ఆమె ఇంట్లో రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రోజూ పదకొండింటికి వెళ్ళి జాకెట్టు హుక్కులు పెడతాను. వేళ్ళు చూసుకోకపోతే వేళ్ళు ఎక్కడున్నాయో ఆమెకి తెలియదు. వెళ్తున్నానని నన్ను మెచ్చుకోకండి. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి అంటుంది, నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న, "ఏటక్కా, హుక్కులు లెక్కెట్టుకుంతన్నావేటి?" అంది. నవ్వింది. నేను నవ్వలేదు.

ఆమెకు చెప్పాలా? చెబితే ఎవరికి లాభం? ఈ ప్రశ్న అడుగుతున్నానంటేనే చెప్పనని అర్థం. అది నాకు తెలుసు. మీకు చెప్పాను. కాగితం మీద పెట్టాక, ఛాతీ మీద రాయి కొంచెం పక్కకి జరిగినట్టుంది. దిగలేదు, జరిగింది. ఆ పాటి చాలు. దానికి కూడా నాకు అర్హత లేదు.

పోయిన వాటి లెక్క ఇది.

నూకరత్నానికి: చీకట్లో నడక. సబ్బు రాసుకుని ముఖం కడుక్కోవటం. చెయ్యి వెనక్కి పెట్టి జడలో పువ్వు గుచ్చుకోవటం. తలమీద ఘటం. గుడి గడప, నీసు తిన్నదన్న మాట పడ్డాక ఆమె మళ్ళీ తొక్కలేదు. కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకోవటం.

మా మరిదికి: పెళ్ళాం తినలేదంటుంటే నమ్మాలో వద్దో తెలియకుండానే పోయాడు. ఆ నమ్మకం.

దుర్గ్ డాక్టరుకి: మంచిపేరు.

నాకు: ఏమీ పోలేదు. కళ్ళు మూసుకుని చెయ్యి చాచి వేలితో ముక్కు కొస ముట్టుకోగలను. ఇవాళ పొద్దున కూడా ముట్టుకున్నాను.